బతికున్నప్పటి రంగు

ముప్పై ఏళ్ళు ఆమె పని పురుగుల్ని పారెయ్యడం.
రెయ్‌క్యనెస్ కొసన చేపల ఫ్యాక్టరీలో
అడుగున దీపం వెలిగే గాజుబల్ల మీద
కాడ్ చేప ముక్క పరిచి,
తెల్లటి కండలో గోధుమరంగు చుట్ట కనిపిస్తే
కత్తిమొనతో ఎత్తి బకెట్లోకి.
ఫ్యాక్టరీ మూతపడింది.
అదే షెడ్డులో, అదే చలిలో
ఇప్పుడు పురుగుల్ని దాచిపెట్టడం అర్న్‌దిస్ పని.

సముద్రం అడుగునుంచి తోడిన బురద
అరమిల్లీమీటరు జల్లెడలో కడిగి, స్పిరిట్లో పోసి తెస్తారు.
ఆమె చెంచాడు చెంచాడు పళ్ళెంలో ఒంపుకుని
గుల్లలు ఒక పక్కకి, పీతల నలుసులు ఒక పక్కకి,
ఒళ్ళంతా ముళ్ళకుచ్చుల పురుగులు నా పక్కకి.

నేను బెర్గెన్ నుంచి వచ్చినవాణ్ణి.
పేరున్నవాటికి పేరు వెతికిపెడతాను.
నా దగ్గరున్న పట్టికలో అన్నీ ప్రశ్నలే:
కళ్ళు నాలుగా? ఏడుకు వెళ్ళు.
రెండా? పన్నెండుకు.
నుదుటి కొమ్ములు మూడూ ఒకే పొడవా, నడిమిది పెద్దదా?
ఏ ప్రశ్నకీ మూడో జవాబుండదు.
ఈకకు ఈక, తోకకు తోక పీకే కొలువు అంటుంది మా ఆవిడ.
తోకలు లెక్కపెడతాను గానీ పీకను.

డిసెంబరులో ఒక సీసా తెచ్చి నా ముందు పెట్టింది.
లోపల కాగితం ముక్క, పెన్సిలుతో: అవి కానివి.
"పదకొండు చలికాలాలుగా విడిగా ఏరుతున్నా."
ఎందుకని?
"వీటి నడుము వేరు."
పురుగుకి నడుమేమిటని నవ్వాను.
కొమ్ములు విరిగాయి, ఒళ్ళు ముడుచుకుంది,
పాడైన నమూనాలని రాసి అలమరలో పెట్టేశాను.

ఫిబ్రవరిలో మంచుతుఫాను. మూడు రోజులు రోడ్డు లేదు.
ఏం తోచక ఒకదాన్ని
గ్లిసరిన్ బొట్టులో పడుకోబెట్టాను.
మెల్లగా ఒళ్ళు గాజయింది.
గొంతు వెనకాల కండతో చేసిన పీపా
ఉండాల్సిన చోట ఆగలేదు.
రెండు కణుపులు దాటి సాగింది.
పీపా చుట్టూ చుక్కల వరసలు లెక్కపెట్టాను, ఇరవై ఆరు.
మళ్ళీ లెక్కపెట్టాను.
పట్టికలో దేనికీ పద్దెనిమిది మించలేదు.
కళ్ళద్దాల మీంచి చూసి, ఆమె నడుమన్నది దీన్నే.

రాయడం మొదలుపెట్టాను.
పొడవు మూడు మిల్లీమీటర్లు.
కణుపులు ముప్పై ఒకటి.
కాలికి ఆరేసి ముళ్ళు, ప్రతి ముల్లుకీ కీలు,
కీలు పైన కొడవలి, కొడవలి కొసన రెండు పళ్ళు,
పైపన్ను చిన్నది.
కడుపు కింద, పదో కణుపు మొదలుకొని
రెండు వరసల్లో అతుక్కున్న పిల్లలు.
అర్న్‌దిస్ వచ్చి మైక్రోస్కోపు మీద వంగి
చాలాసేపు లేవలేదు.
"పదమూడు. ఒకటి రాలిపోయింది" అంది.
సీసా అడుగున ఇద్దరం వెతికాం.
దొరికింది. దానికి కళ్ళు కూడా ఉన్నాయి.

ఆమె పేరు పెడతానన్నాను.
వద్దంది. వీటి జాతిని ముప్పై ఏళ్ళు బకెట్లో వేశానంది.
చేపలో పురుగులు వేరు, వాటికీ వీటికీ చుట్టరికమే లేదన్నాను.
"తెలుసులే, వేరు చేసింది నేనే కదా" అంది.
చివరికి లాటినులో నడికట్టు అనే మాట పెట్టాం.
ఆమె రెండుసార్లు పలికి, తప్పుగానే,
తల ఊపింది.

ఒక్క గడి మిగిలింది:
బతికున్నప్పటి రంగు.
స్పిరిట్లో అన్నీ పాత కాగితం రంగే.
ఆకుపచ్చో, ఎరుపో, కళ్ళ పక్కన మెరుపో,
నాలుగువందల మీటర్ల చీకట్లో
దాని రంగు దానికైనా కనిపించేదో లేదో.

ఆ రోజు పడవ మీద జల్లెడ పట్టింది
వాళ్ళ మరిది హావర్దుర్ అట.
అప్పుడే ఫోను చేసింది.
అతనికి గుర్తున్నది చేతులు కొంకర్లు పోవడం,
కాఫీ ఒలికిపోవడం.
రంగా? బురదరంగు. బురదలో ఇంకేముంటుంది?

ఆమె ఫోను పెట్టేసి నా వంక చూసింది.
తెలియదు, అని రాశాను.